పుస్తకాల పురుగు ఓడ ఎక్కిన వేళ

సాహసగాథ అనగానే మన మనసులో మెదిలే నాయకుడు ఒకడున్నాడు. ఆజానుబాహువు. కత్తి తిప్పగలడు, గుర్రమెక్కగలడు, వరదలో ఏరు ఈదగలడు. అట్టివాడు ఊరు దాటి వెళ్ళడంలో వింత లేదు. వెళ్ళకుండా ఇంట కూర్చుంటేనే వింత. కాని ప్రపంచ సాహిత్యంలో మరొక జాతి నాయకుడు కూడ ఉన్నాడు. కళ్ళజోడు లేనిదే అతనికి గడప కనిపించదు. బజారులో బేరమాడడం చేతకాదు. అన్నపు మూట మరచిపోతాడు గాని పుస్తకం మరచిపోడు. అట్టివాడు ఒకనాటి ఉదయం ఉన్నట్టుండి ప్రయాణం కడతాడు. అక్కడినుండి అతనికి కష్టాలు, మనకు నవ్వులు ప్రారంభమవుతాయి.

ఈ వంశానికి మూలపురుషుడు స్పెయిన్ దేశంలో పుట్టాడు. 1605లో సెర్వాంటిస్ లోకానికి పరిచయం చేసిన డాన్ క్విక్సోట్, వీరగాథలు రేయింబవళ్ళు చదివి చదివి తానూ వీరుడనేనని నమ్మి ఇల్లు విడిచాడు. గాలిమరలను రాక్షసులనుకొని ఈటెతో పొడవబోయాడు. నాలుగు శతాబ్దాలు గడచినా ఆయన సంతతి తరగలేదు. వారిలో ఇద్దరిని గూర్చి, వారివలన మా వీధిలో జరిగిన ఒక చిన్న విషయాన్ని గూర్చి ఇక్కడ చెప్పదలచాను. ఒకరు ఫ్రెంచివారు, మరొకరు అచ్చమైన గోదావరి మండలంవారు.

నేనుండేది పుదుచ్చేరిలోని ఉప్పళంలో. ఉప్పు పండించే చోటు అని తమిళంలో ఆ మాటకు అర్థం. పేరుకు తగినట్టే సముద్రపు గాలి ఇక్కడ ఇనుమును తింటుంది, పుస్తకాల అట్టలను ఉబ్బిస్తుంది. ఆంగ్ల సాహిత్యంలో పట్టా పుచ్చుకొన్న నాటినుండి నాకు అనువాదమే వృత్తి. మా ఊళ్ళో వీధిలో తమిళం, కార్యాలయంలో ఇంగ్లీషు, పాత వీధిపేర్ల పలకలమీద ఫ్రెంచి. తెలుగు మాత్రం ఇంట్లోనే. ఇన్ని భాషల నడుమ బ్రతికేవారికి ఒక మాటకు బదులు మరొక మాట దొర్లడం నిత్యకృత్యం. అందుచేతనే కాబోలు, పొరపాట్లమీద నిలిచిన నవలలంటే నాకు ప్రత్యేకాభిమానం.

మొదట ఫ్రెంచి ఆయనను పరిచయం చేస్తాను. జూల్స్ వెర్న్ 1867, 1868 సంవత్సరాలలో మూడు భాగాలుగా ప్రకటించిన 'కెప్టెన్ గ్రాంట్ పిల్లలు' అనే నవలలో జాక్ పాగనెల్ అనే భూగోళ శాస్త్రజ్ఞుడున్నాడు. పారిస్ భూగోళ శాస్త్ర సంఘానికి కార్యదర్శి. ప్రపంచంలోని నదులూ పర్వతాలూ ఆయనకు కంఠస్థం. కాని అంతవరకు జీవితమంతా తన గదిలో కుర్చీలో కూర్చుండి గడిపినవాడే. ఎట్టకేలకు ఆయన ప్రయాణానికి సిద్ధమయ్యాడు. ఎక్కడికనుకొన్నారు? మన దేశానికే. టిబెట్టులో ప్రవహించే సాంగ్పో నది మన బ్రహ్మపుత్రలో కలుస్తున్నదా లేదా అని స్వయంగా చూచి తేల్చుకోవాలని ఆయన కోరిక. కలకత్తా వెళ్ళే 'స్కోషియా' అనే ఓడలో తనకొక గది కుదుర్చుకొన్నాడు. ఓడ ఎక్కాడు, గదిలో దూరాడు, హాయిగా నిద్రపోయాడు. మేలుకొని పైకి వచ్చి చూస్తే అది 'స్కోషియా' కాదు, 'డంకన్'. వెళ్ళేది కలకత్తాకు కాదు, దక్షిణ అమెరికాకు!

పోనీ, ఆ ఖండానికే వెళుతున్నాం గదా అని ఓడలోనే స్పానిషు భాష నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఒక మహాకావ్యాన్ని ముందు పెట్టుకొని రేయింబవళ్ళు వల్లించాడు. తీరా అక్కడి మనిషితో మాట్లాడబోతే అతనికొక్క ముక్కా అర్థం కాలేదు. తరువాత తేలినదేమంటే, ఆయన అంత శ్రద్ధగా చదివిన కావ్యం కమోయిన్స్ అనే పోర్చుగీసు కవిది! తమిళమనుకొని మలయాళం కంఠస్థం చేసి మధురలో దిగినవాని అవస్థను ఊహించుకోండి.

అయితే వెర్న్ ఆయనను నవ్వులపాలు చేసి వదలివేయలేదు. ఆస్ట్రేలియాలో ఆ బృందపు నాయకుడు తన ఓడను ఆ దేశపు తూర్పుతీరానికి రమ్మని ఉత్తరం చెప్పి వ్రాయించాడు. పరధ్యానంలో పాగనెల్ 'ఆస్ట్రేలియా' అనుటకు బదులు 'న్యూజీలాండు' అని వ్రాశాడు. ఆ ఉత్తరం దుర్మార్గుల చేతిలో పడింది. సరిగా వ్రాసి ఉంటే ఓడ వారి వశమయ్యేది. తప్పుగా వ్రాసినందువల్ల ఓడ దక్కింది. న్యూజీలాండు తీరాన మృత్యుముఖంలో ఉన్న ఆ బృందమంతా బ్రతికి బయటపడింది. కండబలం చేయలేని పనిని ఒక పరధ్యానం చేసిపెట్టింది.

ఇక రెండవవారిని తెలుగు పాఠకులకు నేను పరిచయం చేయడం సాహసమే. మొగలితుర్రు వాస్తవ్యుడు, బారిస్టరు పార్వతీశం. మొక్కపాటి నరసింహశాస్త్రిగారు ఆయన కథ మొదటి భాగాన్ని 1924లో ప్రకటించారు. బారిస్టరు పరీక్షకు చదవాలనే ఒక్క తలంపుతో, ఊరు దాటి ఎరుగని పిల్లవాడు మద్రాసు, కొలంబోలమీదుగా సముద్రాలు దాటి ఇంగ్లండు చేరుకొంటాడు. దొరలా కనిపించాలని కొనుక్కొన్న టోపీ దొరసానులు పెట్టుకొనేదని తెలిసేసరికి చూచినవారంతా నవ్వనే నవ్వారు. ఆ టోపీ తెలుగు సాహిత్యంలో ఇప్పటికీ చెక్కుచెదరక ఉంది. ఎన్నో మహావీరుల కిరీటాలు ఈలోగా తుప్పుపట్టాయి.

పాగనెల్‌కు, పార్వతీశానికి పోలికలు కనిపిస్తూనే ఉన్నాయి. ఇద్దరికీ లోకం తాము ఊహించుకొన్నట్టే ఉంటుందని నమ్మకం. కాని వారి నడుమ ఉన్న భేదం అనువాదకురాలిగా నన్ను చాలాకాలం ఆలోచింపజేసింది. పాగనెల్ కథను రచయిత చెబుతాడు. పార్వతీశం కథను పార్వతీశమే చెబుతాడు. ఈ చిన్న మార్పులో ఎంత ఉన్నదో నాకు పూర్తిగా తెలిసినది పుస్తకంవల్ల కాదు, పొరుగింటి పిల్లవానివల్ల.

మా పొరుగున యానాంనుండి ఉద్యోగరీత్యా వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం ఉన్నది. యానాం ఉన్నది గోదావరి ఒడ్డున, ఇక్కడికి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైబడిన దూరంలో. అయినా ఫ్రెంచివారి పాలనలో ఉన్న ఊరు కనుక ఈనాటికీ పుదుచ్చేరితోనే జత. ఆ ఇంటి అబ్బాయి ఇక్కడే పుట్టి పెరిగాడు. బడిలో తమిళం, ఫ్రెంచి, ఇంగ్లీషు చదివాడు. తెలుగు మాట్లాడతాడు, చదవడం రాదు. గణితంలో దిట్ట. అంగడికి వెళ్ళి చిల్లర తక్కువ ఇచ్చారని అడగడానికి మాత్రం నోరు పెగలదు. అట్టివానికి పై చదువుకు పారిస్‌లో చోటు దొరికింది. ఇల్లంతా పండుగ చేసుకొంటూ ఉంటే అతను మాత్రం అన్నం సరిగా తినడం మానివేశాడు.

ఒకనాడు వాళ్ళమ్మ వచ్చి, "వదినా, వీడు వెళ్ళనంటున్నాడు. కాస్త మీరు చెప్పి చూడండి. పుస్తకాలవాళ్ళ మాటే వీడి చెవికెక్కుతుంది" అన్నది.

అతనిని కూర్చుండబెట్టి అడిగాను. చాలాసేపటికి, "అత్తయ్యా, నాకు పుస్తకాలు తప్ప ఏమీ తెలియదు. అక్కడ ప్రతి మాటకూ నవ్వుతారు" అన్నాడు.

ధైర్యం చెప్పేవారు సామాన్యంగా "ఎవరూ నవ్వరులే" అంటారు. ఆ మాట అబద్ధమని చెప్పేవారికీ తెలుసు, వినేవారికీ తెలుసు. నేను ఆ మాట అనలేదు. బల్లమీది పార్వతీశాన్ని తెచ్చి చదవడం మొదలుపెట్టాను. అతనికి అక్షరాలు రావు కనుక నేను చదవాలి, అతను వినాలి. సాయంకాలం దీపాలు పెట్టే వేళకు వచ్చేవాడు. మొదటిరోజు ముఖం ముడుచుకొని కూర్చున్నాడు. రెండవరోజు వాళ్ళమ్మ కూడ వచ్చింది. కళ్ళలో నీళ్ళు వచ్చేటట్టు ఆమె నవ్వుతూ ఉంటే అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఆ గోదావరి పలుకుబడి ఆమెకు పుట్టింటి పలుకు. అతనికి సెలవులకు వెళ్ళినప్పుడు నాయనమ్మ నోట విన్న పలుకు. కంటికి అందని తెలుగు చెవికి అందుతున్నది. నడుమ నడుమ పాగనెల్ కథను కూడ ఇంగ్లీషు ప్రతి చూస్తూ అప్పటికప్పుడు తెలుగులో చెప్పేదాన్ని. కాగితంమీద ఒక వాక్యానికి అరగంట తడుముకొనే నేను, వినేవారి కళ్ళు చూస్తూ చెప్పేసరికి మాటకోసం వెదుకుకోనక్కరలేకపోయింది.

టోపీ వ్యవహారం వచ్చిననాడు తల్లి విరగబడి నవ్వింది. అబ్బాయి నవ్వలేదు. చాలాసేపు ఊరకుండి, "అత్తయ్యా, ఇదంతా ఇతనే చెబుతున్నాడు గదా? సిగ్గుపడడా?" అని అడిగాడు.

"పడ్డాడు నాయనా. పడిన తరువాతనే చెబుతున్నాడు."

"అంటే చెప్పేనాటికి అన్నీ దాటేసి ఉంటాడు" అన్నాడు, తనలో తాను లెక్క కట్టుకొంటున్నట్టు.

ఇరువది యేళ్ళుగా నేను వెదకుతున్న మాటను ఆ పిల్లవాడు ఒక్క వాక్యంలో చెప్పివేశాడు. ఎదుటివారు మనలను చూచి నవ్వినప్పుడు ఆ నవ్వు వారి ఆస్తి. అదే సంగతిని మనం చెప్పి నవ్వించినప్పుడు అది మన ఆస్తి. మొక్కపాటివారు కథను పార్వతీశం నోట పెట్టడంలోని ఔదార్యం ఇదే. ఆ కుర్రవాడు ఎంత తెలివితక్కువగా ప్రవర్తించినా, చెబుతున్నది లోకం చూచి వచ్చిన మనిషి. అందుచేత మనం నవ్వుతాం గాని చులకన చేయలేం.

మరొక సంగతి. ఈ పుస్తకాల నాయకులకు ధైర్యం లేదనుకోవడం పొరపాటు. లోకజ్ఞానం నిండుగా ఉన్నవాడు ప్రయాణానికి ముందే నూరు అడ్డంకులు లెక్కించి ఇంటనే ఉండిపోతాడు. పాగనెల్ నదిని చూడాలనుకొన్నాడు, బయలుదేరాడు. పార్వతీశం బారిస్టరు కావాలనుకొన్నాడు, బయలుదేరాడు. పుస్తకంలోని మాటను నమ్మడం అమాయకత్వమే కావచ్చు. కాని ఆ అమాయకత్వమే వారిని గుమ్మం దాటించింది. దాటించిన తరువాత నిలబెట్టినది తమను చూచి తాము నవ్వుకొనే గుణం. కత్తి తిప్పే వీరునికి ఈ రెండింటితో పని లేదు. అందువల్లనే కాబోలు, అతని కథ చదివి చప్పట్లు కొడతాం. వీరి కథ చదివి మనమూ బయలుదేరుతాం.

అబ్బాయి వెళ్ళాడు. పెట్టెలో బట్టలకన్న పుస్తకాలే ఎక్కువని వాళ్ళమ్మ గొణిగింది. వెళ్ళిన మూడు వారాలకు నా ఫోనుకు ఒక సుదీర్ఘమైన సందేశం వచ్చింది. తెలుగు వ్రాయడం రాదు గదా, తెలుగు మాటలనే తమిళ లిపిలో వ్రాశాడు. తమిళంలో 'క'కూ 'గ'కూ ఒకటే అక్షరం, 'ప'కూ 'బ'కూ ఒకటే. కంటితో చదివితే ఒక పట్టాన అర్థం కాలేదు. నేను అతనికి చదివి వినిపించినట్టే ఇప్పుడు నాకు నేను పైకి చదువుకొని వినవలసి వచ్చింది. భూగర్భ రైలులో ఎదురు దిశకు పోయే బండి ఎక్కి ఊరి చివరిదాకా వెళ్ళడం, దారి అడిగితే ఆ పెద్దమనిషి వీని పుస్తకభాష విని చిరునవ్వు నవ్వడం, తిరిగి రావడం. అన్నీ వరుసగా, ఒక్క అవమానం కూడ విడువకుండా వ్రాశాడు.

అడుగున సంతకం చేశాడు. ఆ అక్షరాలను 'బారిస్టరు' అనీ చదవవచ్చు, 'పారిస్టరు' అనీ చదవవచ్చు. రెండూ సరిపోయాయి.