వృద్ధసేవ

ఔటర్ రింగురోడ్డు వచ్చాక కోహెడ పరిసరాల్లో సేద్యపు నేలకు గిరాకీ పెరిగింది. ఇట్టి ఊళ్లలో బిడ్డలకు భూమి రాసిచ్చి, పిడికెడు మెతుకులకు వారి వైపే చూసే ముసలితండ్రికి దిక్కెవరు? పోషించాలన్న షరతుతో భూమి పొందినవారు మాట తప్పితే, 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 23వ సెక్షన్ ప్రకారం ట్రిబ్యునల్ ఆ దానపత్రాన్ని రద్దు చేయగలదు. అయితే కన్నకొడుకుపై అర్జీ పెట్టడానికి ఏ తండ్రి మనసు సులభంగా ఒప్పుతుంది?

సమాజసేవా విద్యార్థికి ఇదే కఠిన పాఠం. రెండేండ్ల ఎం.ఎస్.డబ్ల్యూ. చదువులో క్షేత్రానుభవం తప్పనిసరి. హైదరాబాదులోని రోడా మిస్త్రీ కళాశాల వంటి చోట్ల ఈ విద్య లభిస్తుంది. పట్టభద్రులకు వృద్ధాశ్రమాల్లో, ఆసుపత్రుల్లో, 14567 సహాయవాణిలో కొలువులుంటాయి. జీతం ఘనమేమీ కాదు. ముందుగా అలవడవలసింది వినడం: ముసలాయన పంటల ముచ్చట ముగించి, కొడుకు పేరు తానుగా ఎత్తేవరకూ ఓపికతో కూర్చోవడం.