గాయపడిన కుక్కకు ఇంటిలో పరిచర్య

నిరుడు జూలైలో, మామిడికాయల కాలము ముగిసే దినములలో, గుజ్జు ఫ్యాక్టరీకి వెళ్ళే ట్రాక్టరు ఒకటి కాణిపాకము రోడ్డుమీద మా ఇంటి కుక్క నల్లోడిని గుద్ది వెళ్ళిపోయింది. వెనుక కాలి తొడ ఎముక విరిగింది. చూడవచ్చిన సంఘపెద్ద ఒకరు, "దీనికి పెట్టే దుడ్డుతో మేకపిల్లను కొనుక్కోవచ్చు గదయ్యగారూ" అన్నారు. ఆయన మాట కొట్టివేయదగినది కాదు. పల్లెలో రూపాయి విలువ మాకూ తెలుసు. అయినను ఆరేండ్లు మా వాకిట కాపలా ఉన్న ప్రాణిని రోడ్డు ప్రక్కన వదలుటకు మాకు మనసొప్పలేదు.

నొప్పితోనున్న కుక్క యజమానినైనా కరుస్తుంది. కాబట్టి మెత్తని గుడ్డతో మూతి కట్టి (వాంతి చేసుకొనేటప్పుడు, ఊపిరాడనప్పుడు మాత్రము కట్టరాదు), పాత తలుపుచెక్కపై పడుకోబెట్టి, సుమారు 70 కిలోమీటర్ల దూరములోని తిరుపతికి తీసుకొని వెళ్ళాము. అక్కడి పశువైద్య కళాశాల 1955లో ఏర్పడినది. డాక్టర్లు ఎముకలో స్టీలు కడ్డీ వేసి, ఆరు నుండి ఎనిమిది వారములు పరుగెత్తనీయవద్దన్నారు. అసలు పని అప్పుడే మొదలైంది.

నున్నని గచ్చుమీద కాలు జారుతుంది. గోనెసంచులు నాలుగు మడతలు వేసి, పైన పాతచీర పరచి, వసారాలో ఒక మూల చెక్కలు అడ్డము పెట్టాము. ఒంటికి రెంటికి తీసుకొని వెళ్ళునప్పుడు కడుపు క్రింద తుండుగుడ్డ వేసి వెనుక భాగమును ఎత్తి పట్టుకొనేవారము. మా ఇంటావిడకు నడుము నొప్పి. అయినా తెల్లవారుజామున ఆ పని ఆమెదే.

లూకా సువార్తలో కుక్కలు లాజరు కురుపులను నాకిన సంగతి అందరికి తెలిసినదే. దానిని పట్టుకొని "కుక్క నాలుకే దానికి మందు" అనేవారున్నారు. అక్కడ వ్రాయబడినది ఆ దరిద్రుని దీనస్థితియే గాని వైద్యము కాదు. నాకితే కుట్లు ఊడతాయి, చీము పడుతుంది. పాత ప్లాస్టిక్ బకెట్టు అడుగు కోసి, అంచుకు గుడ్డ చుట్టి, మెడకు తగిలించాము. రెండు దినములు గోడలకు గుద్దుకొని అలిగినది, తరువాత అలవాటుపడినది. కుట్లు సాధారణముగా 10 నుండి 14 దినములకు విప్పుతారు.

మనుషుల నొప్పిబిళ్ళలు వేయకండి. ఐబుప్రోఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేసి మూత్రపిండములను చెరుపుతుంది. పారాసిటమాల్ కూడ కాలేయమునకు చేటు. డాక్టరు వ్రాసినదే, చెప్పిన మోతాదులోనే ఇవ్వాలి. గాయములో పురుగులు పడితే కిరసనాయిలు పోయుట మన పల్లెల అలవాటు. అది పచ్చి మాంసమును కాల్చుతుంది. ఈగలు వాలకుండ దోమతెర కట్టుట మేలు. తిండి సంగతికొస్తే పెరుగన్నము, ఉడికించిన గ్రుడ్డు చాలు, ఉల్లిపాయ వద్దు. కదలని కుక్కకు మునుపటంత తిండి పెడితే లావెక్కి, మానుచున్న కాలిపై బరువు పడుతుంది.

వినాయక చవితికి కాణిపాకములో ఉత్సవములు 21 దినములు జరుగుతాయి. అప్పటికి ఏడు వారములు కావచ్చినవి. టపాకాయలు ప్రేలినప్పుడెల్ల అది అదిరిపడి లేవబోయేది. లోపలి గదిలోనికి మార్చి, కిటికీకి దుప్పటి కట్టి, మా పిల్లలు వంతులవారీగా ప్రక్కన కూర్చున్నారు. కడ్డీ కదలలేదు. ఇప్పుడు కొంచెము కుంటుతుంది గాని వీధి చివరిదాక పరుగెత్తుతుంది.

ఆ బకెట్టు వలయము మాత్రము మా ఇంట లేదు. వేరుశనగ చేనులో అడవిపంది చీల్చిన తన కుక్క కొరకు, మా సంఘములోని రైతు ఒకరు అడిగి తీసుకొని వెళ్ళారు.