ధూళిలోని ధాతువు

నా బాల్యమున గుంటూరు జిల్లాలోని మా ఊరికి ఏటేట జలగడుగువారు వచ్చుచుండెడివారు. కంసాలి కొలిమి బూడిదను, అంగడి ముందరి కాలువ మట్టిని వెలయిచ్చి కొని, నీట కడిగి, అందు మిగిలిన బంగారపు నలుసులను ఏరుకొని పోయెడివారు. మన్నును కొనుట ఏమి వెఱ్ఱియని పిల్లలము నవ్వెడివారము.

పిమ్మట మా కుటుంబము తుంగభద్ర ఎడమ కాలువను నమ్ముకొని రాయచూరు జిల్లాకు తరలివచ్చి, మల్లట్ చెంత స్థిరపడినది. ఇచ్చటి నల్లరేగడిలో వరియాకులపై తుప్పు మచ్చలు పొడసూపి పైరు గిడసబారినచో, అది జింకు లోపమని గుర్తింతుము. మన పెద్దలు యశదమనినది ఈ జింకునే. బిదరు పనివారి నల్లని పాత్రలలో అధికభాగము ఇదియే. దీనికై ఆఖరి దమ్ములో ఎకరమునకు 20 కిలోల జింక్ సల్ఫేటు చల్లుదుము.

ఒక యేడు ఒక వర్తకుడు సగము ధరకే కొన్ని బస్తాలు తెచ్చి యిచ్చెను. సంక్రాంతికి వచ్చిన మా అన్నగారి కుమారుడు వానిని చూచెను. అతడు ఉక్కు కర్మాగారమున పనిచేయుచున్నాడు.

"బాబాయిగారూ, దీనిపై చీటీ యేది?" అని అడిగెను.

లేదంటిని. అప్పుడతడు తన కొలిమి సంగతి చెప్పెను. పాత ఇనుమును విద్యుత్ కొలిమిలో కరిగించునపుడు, పూత రేకులలోని యశదము ఆవిరియై పొగతో లేచును. ఆ పొగను వడపోత సంచులలో పట్టగా, టన్ను ఉక్కునకు సుమారు 15 నుండి 20 కిలోల ధూళి చిక్కును. అందు యశదముతోపాటు సీసము, కాడ్మియము కూడ నుండును. ఆ ధూళికి బొగ్గుపొడి చేర్చి, తిరుగు బట్టీలో వేయి డిగ్రీలకు మించి కాల్చినచో, 907 డిగ్రీలకే మరుగు యశదము మరల ఆవిరియై, గాలి సోకి తెల్లని భస్మమగును. ఇనుము అడుగున మిగులును. సీసము, కాడ్మియము మాత్రము చాలవరకు భస్మము వెంటనే వచ్చును. కావున దానిని మరల శుద్ధి చేయక తప్పదు.

"ఇది ఆ ధూళియే యనను. కాదని చెప్పు చీటీయు లేదు గదా!" అనెను.

కాలువలో పారబోయుదునంటిని. అతడు నా చేయి పట్టుకొనెను. జపానులోని జింజు నదిలో, గనినుండి వచ్చిన కాడ్మియము నీటి వెంట వరిలోనికి, వరినుండి మనుష్యుల యెముకలలోనికి చేరినదట. 1968లో అచ్చటి ప్రభుత్వమే ఆ సంగతిని అంగీకరించినది.

తిరిగి యిచ్చినచో వర్తకుడు పొరుగువానికి అమ్మును. కనుక బస్తాలను వ్యవసాయాధికారికి అప్పగించి, 21 శాతము యశదమని చీటీ గల సరుకును నిండు ధరకు కొంటిని. సొమ్ము పోయినది. కాని పరదేశమునుండి వచ్చిన మాకు మూడు తరములుగా అన్నము పెట్టిన నేల యిది. దీని కడుపున విషము పోయుటకు చేతులు రాలేదు.

ఇప్పుడు జలగడుగువారు తరచు జ్ఞప్తికి వత్తురు. మన్నును కొనుట వెఱ్ఱి కాదు. కడుగని మన్నును పొలమున చల్లుటయే వెఱ్ఱి.