తెల్లారినా చెరగని భారతం

చంద్రగిరి వెళ్లినవాళ్లు విజయనగర రాజుల నాటి రాజమహల్, అందులోని మ్యూజియం చూసి వెనక్కి తిరుగుతారు. ఊరికి దగ్గర్లోనే పారే స్వర్ణముఖి వెంట సుమారు 50 కిలోమీటర్లు వెళ్తే మరో కొలువు ఉంది. అక్కడ రాజులూ రాణులూ బట్ట మీద కొలువుదీరతారు! అదే శ్రీకాళహస్తి కలంకారీ.

ఆ బొమ్మల రుచి తెలియాలంటే ముందు ఈ ప్రాంతపు పల్లెల్లో 'భారతం' చూడాలి. ద్రౌపదమ్మ, ధర్మరాజుల గుళ్ల దగ్గర పద్దెనిమిది రోజుల పాటు పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు. చివరి రోజు మట్టితో చేసిన భారీ దుర్యోధనుడి తొడను భీముడు గదతో మోదితే, ద్రౌపది జుట్టు ముడేసుకుంటుంది. ఆ సాయంత్రం నిప్పుల గుండం. ఆట ముగిశాక రంగు కడిగేస్తారు... మరి ఆ కథ కళ్ల ముందు నిలిచేదెలా?

కలంతో! కరక్కాయ, గేదెపాలలో నానబెట్టిన నూలుబట్ట మీద చింతబొగ్గుతో బొమ్మ గీస్తారు. పాత ఇనుమును బెల్లం నీళ్లలో ఊరబెడితే నలుపు సిద్ధం. వెదురుపుల్లకు గుడ్డ చుట్టిన కలంతో గీతలన్నీ దిద్దుతారు. పటిక పూసిన చోటే ఎరుపు అంటుతుంది. మధ్యలో పెద్ద ఘట్టం, చుట్టూ వరసల్లో కథ, బొమ్మల కింద తెలుగు అక్షరాలు. విడిచిన రంగు మళ్లీ బట్టకు అంటకుండా పారే నీటిలోనే ఉతకాలి. అందుకే ఈ కళకు స్వర్ణముఖి ప్రాణం. ఆ నదిలో ఏడాదిలో చాలా నెలలు కనిపించేది ఇసుకే.

ఇలాంటి జోడీ జపాన్‌లోనూ ఉంది. కొయ్య ముసుగులతో ఆడే 'నో' నాటకం 1868లో షోగున్ల పాలన పోవడంతో ఆదరణ కోల్పోయింది. అది మళ్లీ కోలుకుంటున్న రోజుల్లో సుకియోకా కోగ్యో (1869-1927) ఆ సన్నివేశాలను బొమ్మలుగా గీస్తే, చెక్క అచ్చులతో కాగితం మీద ముద్రించారు. మన దగ్గర అచ్చుల అద్దకం పెడనది, కాళహస్తిది చేతిరాత.

కాళహస్తి కలానికీ ఓ గడ్డుకాలం వచ్చింది. 1950ల్లో కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో శిక్షణ కేంద్రం రావడంతో ఊపిరి పోసుకుంది. 2008లో జొన్నలగడ్డ గురప్పశెట్టికి పద్మశ్రీ దక్కింది. కానీ ఇప్పుడు గిరాకీ అంతా చీరలకూ దుపట్టాలకే. కథ మొత్తం చెప్పే తెరలు అడిగేవాళ్లు తక్కువ. బట్ట మీదున్నది ఎవరో తెలియకపోతే ద్రౌపది అయినా ఒట్టి డిజైనే కదా!

అందుకే పిల్లలకు ముందు భారతం చూపించండి. తర్వాత కాళహస్తి తీసుకెళ్లి, ఆ తెర మీద భీముడెక్కడున్నాడో వెతకమనండి.

ఎలా వెళ్లాలి: చంద్రగిరి నుంచి తిరుపతికి, అక్కడి నుంచి శ్రీకాళహస్తికి బస్సులున్నాయి.