ఖాళీ సీసాలో పడికట్టు రాయి

నవ్వుతారని తెలిసే మీకిన్నాళ్లూ చెప్పలేదు. ల్యాబులో మొదటిసారి ఆ పార్సిల్ విప్పి, 'ఖాళీ ట్యూబు అంటగట్టార్రోయ్' అని గోల చేశాను. వెలుతురులో ఎటు తిప్పినా ఏమీ కనపడదే! సీనియర్ అక్క పరుగున వచ్చింది. "కొంపదీసి మూత తీశావా? ముందు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పు!" తిప్పితే, అడుగున ఉందా లేదా అన్నట్టు ఓ తెల్లటి పొర.

దాని పేరు ఆల్ఫా ఫీటోప్రోటీన్. పొట్టిపేరు ఏఎఫ్‌పీ. మనందరికీ పాత చుట్టమేనండీ! అమ్మ కడుపులో ఉండగా మన కాలేయం దీన్ని తెగ తయారుచేసింది. పుట్టాక మెల్లగా మానేసింది. పెద్దయ్యాక మళ్లీ ఊడిపడితేనో? 1963లో మాస్కోలో అబెలెవ్ బృందం కాలేయ కణితి ఉన్న చిట్టెలుకల్లో దీన్ని పట్టుకుంది. మరుసటేడు తతారినోవ్ కాలేయ క్యాన్సర్ రోగుల రక్తంలో చూశాడు. ముదురు కణితికి చంటితనం గుర్తొచ్చిందన్నమాట!

మా ట్యూబులోది ఎవరి రక్తంలోంచీ తీసింది కాదు. రీకాంబినెంట్ సరుకు. మనిషి జన్యువుని హెచ్‌ఈకే 293 అనే కణాలకి అప్పగిస్తే అవే వండిపెడతాయి. ఆ 293 ఏమిటనేగా? 1973 ప్రాంతంలో లైడెన్‌లో ఫ్రాంక్ గ్రాహం చేసిన 293వ ప్రయోగమట. మరి ముందటి 292 ఏం పాపం చేశాయో!

ఆ వంటలో సవాలక్ష ప్రోటీన్లు. మనదాన్ని ఏరేదెలా? ముందే దాని చివర ఆరు హిస్టిడిన్లు తగిలిస్తారు. పిలకన్నమాట. నికెల్ పూసల మీద పోస్తే మిగతావి జారిపోతాయి, మనది పిలక చిక్కి ఆగిపోతుంది. ఆనక ఇమిడజోల్ పోస్తే పట్టు వదులుతుంది. పిలక దొరికితే ఎంతటివాడైనా లొంగాల్సిందేనని మా తాతయ్య అనేవాడు. నికెల్ సంగతి ఆయనకెలా తెలిసిందో!

ఇంత హడావుడీ ఎందుకంటారా? పడికట్టు రాయి కోసం. తక్కెడలో ఓ వైపు వంకాయలు పోస్తే సరా? రెండో వైపు రాయి వద్దూ? ప్లేటు గుంటల్లో ఈ ప్రోటీన్‌ని తెలిసిన మోతాదుల్లో వరసగా పోస్తాం. యాంటీబాడీలు పట్టుకుంటాయి. రంగు ద్రవం వేస్తే నీలం. ఆమ్లం చుక్క పడిందా, నిమ్మపండు పసుపు! ఎక్కువున్నచోట చిక్కగా, లేనిచోట ఉత్త నీళ్లలా. రోగి నమూనా రంగుని ఈ వరసతో పోల్చి లెక్క తేలుస్తాం. ఆరోగ్యంగా ఉన్న పెద్దలకి సాధారణంగా మిల్లీలీటరుకు 10 నానోగ్రాముల లోపే.

అంకె పెరిగిందని గుండెలు బాదుకోకండేం. గర్భిణులకి పెరగడం మామూలే. కాలేయం వాచినా పెరగొచ్చు. కొన్ని కాలేయ క్యాన్సర్లలో అసలు పెరగదు కూడా. అందుకే డాక్టర్లు స్కానింగూ చేయిస్తారు.

అన్నట్టు, నిన్న కొత్తగా చేరిన కుర్రాడు ట్యూబు పట్టుకొచ్చాడు. "మేడమ్, ఇది ఖాళీ..." అన్నాడో లేదో, ఒక్క ఉదుటున లేచాను.

"కొంపదీసి మూత తీశావా?"