సగంలో మూసిన చరిత్ర నవల

మా ఇంట్లో ఏ పుస్తకాన్నీ మధ్యలో వదిలిపెట్టే అలవాటు లేదు. వంద పుటలు చదివినవాళ్ళం మరో వంద చదవలేమా అనుకుంటూ ఎంత నీరసమైన రచననైనా చివరిదాకా చదువుతాము. అటువంటిది, ఇటీవల ఒక చరిత్ర నవలను 142వ పుట వద్ద మూసివేసి, ఇక తెరవకూడదని అందరం కలిసి నిర్ణయించుకున్నాము. కౌమార వయస్సు బిడ్డలున్న ఇతర కుటుంబాలకూ ఉపకరించగలదన్న ఉద్దేశంతో ఆ నిర్ణయానికి దారితీసిన కారణాలను ఇక్కడ వివరిస్తున్నాము.

అది పన్నెండేళ్ళు దాటిన పిల్లల కోసం ఆంగ్లంలో వెలువడిన నవల. కథాకాలం 1491. స్థలం అందలుస్‌లో మిగిలిన చివరి ముస్లిం రాజధాని గ్రనడా. కథానాయిక పదిహేనేళ్ళ బాలిక. దాదాపు ఎనిమిది శతాబ్దాల పాలన ముగిసిపోతున్న ఘడియను మన పిల్లల ఈడు పిల్ల కళ్ళతో చూడవచ్చునన్న ఆశతో, ఇషా నమాజు తరువాత రోజుకు ఇరవై పుటల చొప్పున ఒకరు చదువుతుంటే తక్కినవారం వినసాగాము.

ఆ నవలలో మంచి ఏమీ లేదనడం న్యాయం కాదు. అల్ హమ్రా ప్రాసాదంలోని నీటి కాలువల వర్ణన మనోహరంగా ఉంది. ముస్లిం పాలకుల లోపాలను చూపినందుకూ మాకు అభ్యంతరం లేదు. చివరి సుల్తాన్ అబూ అబ్దుల్లాహ్ సింహాసనం కోసం కన్నతండ్రితోనూ, పినతండ్రితోనూ పోరాడిన మాట నిజం. ఆ అంతఃకలహం కాస్టిల్ సైన్యాలకు దారి సుగమం చేసిన మాటా నిజం. చేదుగా ఉన్నంత మాత్రాన సత్యాన్ని పిల్లలకు దాచవలసిన పని లేదు.

మొదటి అనుమానం కథలోని వంటింట్లో పుట్టింది. ముట్టడిలో ఉన్న నగరంలో కథానాయిక తల్లి టమాటాలు, పచ్చిమిరపకాయలు వేసి కూర వండుతుంది. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి అక్కడే ఆపాడు. ‘‘అమ్మీ, అప్పటికి కొలంబస్ ఓడ ఎక్కనే లేదు కదా!’’ అన్నాడు. అమెరికా ఖండపు పంటలు 1491లో గ్రనడా పొయ్యి మీదికి రావడం అసాధ్యం. అందరం నవ్వుకుని ముందుకు సాగాము.

నవ్వి ఊరుకోలేనిది నానమ్మ పాత్ర. ఆ వృద్ధురాలికి నవలలో రెండే పనులు: తస్బీహ్ తిప్పడం, మనుమరాలిని కసరడం. ఆమెకు ఒక జ్ఞాపకం గాని, భయం గాని, ప్రేమ గాని లేవు. కథానాయిక చదువుకోవాలన్నా, నవ్వాలన్నా, వీధిలోకి వెళ్ళాలన్నా ఆమే అడ్డు. నగరాన్ని అప్పగించే ఘట్టం వచ్చేసరికి మనుమరాలు ఒక శత్రు సైనికుడి లేఖ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. నగరవాసులతో జరిగిన ఒప్పందం ఒక్క వాక్యంలో ముగిసిపోతుంది. అదే 142వ పుట.

ఆ ఒక్క వాక్యం వెనుక ఉన్న చరిత్ర ఎంత! 1491 నవంబరులో కుదిరిన ఆ ఒప్పందం ముస్లిముల ధర్మానికీ, మసీదులకూ, ఆస్తులకూ, సొంత ఖాజీల న్యాయానికీ రక్షణ కల్పిస్తామని వాగ్దానం చేసింది. 1492 జనవరి 2న నగరం చేతులు మారింది. ఎనిమిదేళ్ళు తిరగకముందే సామూహిక మతమార్పిడులు మొదలయ్యాయి. అరబీ గ్రంథాలను రాశులుగా పోసి కాల్చారు. 1502లో కాస్టిల్ రాజ్యంలోని ముస్లిములను మతం మారండి, లేదా దేశం విడవండి అన్నారు. 1567లో అరబీ భాషనూ, సంప్రదాయ దుస్తులనూ నిషేధించారు. చివరకు 1609 మొదలు 1614 వరకు మతం మారినవారి సంతతిని సైతం, దాదాపు మూడు లక్షల మందిని, దేశం నుండి వెళ్ళగొట్టారు.

ఆ చీకటి శతాబ్దంలో మసీదు లేదు, మదర్సా లేదు. మిగిలింది ఇల్లు. బిడ్డకు బయట ఒక పేరు, ఇంట్లో ఒక పేరు. తలుపులు మూసుకుని కలిమా నేర్పినవారిలో, రహస్యంగా రోజాలు పాటింపజేసినవారిలో తల్లులు, నానమ్మలు, అమ్మమ్మలు ముందున్నారు. నవల అపహాస్యం చేసిన ఆ వృద్ధురాలే చరిత్రలో ఆ ఇంటి మదర్సా.

పుస్తకం మూసే ముందు మాలో మాకు చర్చ జరిగింది. ‘‘చివరికి ఆ నానమ్మ మారుతుందేమో, చదివి చూద్దాం’’ అన్నారు ఒకరు. దానికి మా పెద్దమ్మాయి, ‘‘మారవలసింది ఆవిడ కాదు కదా! అలాంటివాళ్ళు నిజంగా ఉండేవాళ్ళు. నేను అలాంటిదాన్ని కాను అని చెప్పుకోవడానికి ఇప్పుడు వాళ్ళు లేరు’’ అంది. ఆ మాట తరువాత ఎవరమూ వాదించలేదు. పరోక్షంలో ఉన్నవారిని గురించి చెడుగా మాట్లాడటం గీబత్ అని పిల్లలకు చిన్ననాటి నుండి చెబుతున్నాము. మృతులను దూషించవద్దని దైవప్రవక్త (స) బోధించారు. కల్పనకు స్వేచ్ఛ ఉంది, నిజమే. కాని నిజంగా జీవించి, నిజంగా బాధపడిన ఒక సమాజాన్ని కథకు తెరగా వాడుకునే రచన ఆ సమాజానికి కనీస న్యాయం బాకీ ఉంటుంది.

కనుక పిల్లల చేతికి చరిత్ర నవల ఇచ్చేటప్పుడు మూడు విషయాలు గమనించడం మంచిదని మా అభిప్రాయం. పాత్రలు తమ కాలపు మనుషుల్లా ఆలోచిస్తున్నాయా? విశ్వాసం వారి జీవితంలో అంతర్భాగంగా ఉందా, లేక వేషభాషల అలంకారంగా మిగిలిందా? రచయిత ఇష్టపడని పాత్రకు కూడా ఒక మనసు ఉందా? మూడింటికీ లేదన్నదే సమాధానమైతే, ఆ పుస్తకంపై మరిన్ని రాత్రులు వెచ్చించనవసరం లేదు. కాలం కూడా మన వద్ద ఉన్న అమానతే.

అయితే పుస్తకాన్ని మూయడంతో బాధ్యత తీరిపోదు. అది లేపిన ప్రశ్నకు జవాబు వెదికి ఇవ్వాలి. మిగిలిన రాత్రులు మేము అందలుస్ అసలు చరిత్రకు కేటాయించాము. అరబీ మాట్లాడటం మరచిపోయిన ఆ ముస్లిములు తమ స్పానిష్ మాటలనే అరబీ లిపిలో రాసుకుని ధర్మ విషయాలు భద్రపరచుకున్నారని తెలిసినప్పుడు పిల్లలు ఆశ్చర్యపోయారు. అరబీ దుఆలను తెలుగు లిపిలో చూసి నేర్చుకున్న పిల్లలకు ఆ అవసరం విడమరచి చెప్పనక్కరలేకపోయింది. ఆరగాన్ ప్రాంతంలోని అల్మొనాసిద్ అనే ఊళ్ళో 1884లో ఒక పాత ఇంటిని కూల్చుతుండగా నేల కింద మరో నేల బయటపడింది. ఆ రెంటి మధ్య అటువంటి రాతప్రతులు అనేకం ఉన్నాయి. దేశం విడిచిపోతూ ఎవరో వాటిని జాగ్రత్తగా దాచి వెళ్ళారు.