సిద్ధవటం కోట, లంకమల అడవి

జనవరి 6, 2024

పెన్నలో నీళ్లు సన్నబడ్డాయి. ఇసుకలోకి దిగి చూస్తేనే ఏటివైపు గోడ ఎంత ఎత్తో తెలుస్తుంది. ఒకప్పుడిది మట్టికోట. రాయల సామంతులైన మట్లివారు, అనంతరాజు కాలంలో దీన్ని రాతికోటగా మార్చారు. ‘కకుత్స్థ విజయం’ రాసిన కవీ ఆయనే. కోట కట్టిన చేయీ కావ్యం రాసిన చేయీ ఒకటే కావడం నాకెంతో ఇష్టమైన సంగతి.

తర్వాత కడప నవాబులు. 1779లో అబ్దుల్ హలీం ఖాన్ హైదర్ అలీకి లొంగిపోయింది ఇక్కడే. 1800లో దత్తమండలాలతోపాటు కోట కుంపిణీ పాలైంది. 1808 నుంచి 1812 దాకా జిల్లా కచేరీ ఇక్కడే నడిచింది. ఏరు పొంగితే రాకపోకలు తెగిపోతున్నాయని కడపకు మార్చారు. పగవాణ్ణి ఆపిన ఏరే ఊరి పెద్దరికాన్నీ ఆపేసింది.

జనవరి 9

ఎంతమంది ఏలికలు మారినా కోట వెనక అడవి మాత్రం అదే. ఎర్రచందనం ఈ లంకమల, పాలకొండలు, వెలికొండ, శేషాచలం చుట్టుపట్ల తప్ప లోకంలో ఇంకెక్కడా తనంతట తాను అడవిగా పెరగదు. రాళ్లనేల, చాలీచాలని వాన, అయినా నీళ్లలో మునిగేంత బరువైన చేవ! కొట్టినంత వేగంగా మళ్లీ ఎదిగే చెట్టు కాదది. నరికిన మొద్దు చూస్తే నాకు కడుపు మండుతుంది.

జనవరి 14

పండగ పూటా మనసంతా కలివికోడి మీదే. జెర్డాన్ దొర 1848లో లోకానికి చెప్పిన పిట్ట. 1900 తర్వాత ఎవరి కంటా పడలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. శాస్త్రజ్ఞులు వెతుకుతున్నారు సరే, రాత్రిపూట దాన్ని పట్టి చూపించింది మాత్రం అక్కడి వేటగాడే. దాని కోసమే 1988లో లంకమల అభయారణ్యమైంది. తర్వాత తెలుగుగంగ కాలువ దాని తావు మీదికే వస్తే, దారి మళ్లించాల్సి వచ్చింది.

కలివికోడికి చిక్కటి అడవి పనికిరాదు, బోడినేలా పనికిరాదు. మధ్య మధ్య ఖాళీ ఉన్న ముళ్లపొదలే కావాలి. మేకలు బొత్తిగా రాకపోతే పొదలు కమ్ముకుంటాయి, మితిమీరితే పొదలే మిగలవు. కంచె వేసి చేతులు దులుపుకుంటే చాలదు. ఎంత మేత, ఏ కాలంలో, ఏ పక్కన అన్నది గొర్రెల కాపరులను కూర్చోబెట్టి అడగాలి. కోట చరిత్ర రాసేవాళ్లూ ఆ మాటలు వినాలి.